పొగ బాధ తప్పాలంటే ఎవరిని అడగాలి: ఆఫీసు, అపార్ట్‌మెంట్, హాస్టల్

మీ ప్రశ్నలో మూడు సమస్యలు కలిసి ఉన్నాయి. నెల్లూరు ట్రంకు రోడ్డులో మీరు పనిచేసే ఆఫీసులో మేనేజరు తన ఏసీ క్యాబిన్‌లో కూర్చునే సిగరెట్లు కాలుస్తారు, ఆ పొగ హాలంతా కమ్ముకుంటుంది. వేదాయపాళెంలో మీరుండే అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు వారి పొగ మీ బాల్కనీలోకి, బాత్‌రూములోకి వస్తున్నందువల్ల ఉబ్బసం ఉన్న మీ నాన్నగారికి రాత్రిళ్లు ఆయాసం ఎక్కువవుతోంది. ఒంగోలులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న మీ తమ్ముడి సంచిలో పెన్నులాంటి వేప్, అంటే ఈ-సిగరెట్, దొరికితే, అందులోంచి వచ్చేది ఉత్త నీటి ఆవిరేనని అతను వాదిస్తున్నాడు. మూడు చోట్లా చట్టం ఏమంటుందో, పోలీసులకు చెప్పాలో వద్దో చెప్పమన్నారు.

ఒంగోలులోనూ ఆ తరువాత నెల్లూరులోనూ వైద్య ఆరోగ్య శాఖలో పనిచేస్తూ పొగాకు నియంత్రణ తనిఖీలకు తిరిగినవాడిని, రిటైరయ్యాక మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు సెక్రటరీగా ఇదే తగాదాను ఇంకో వైపు నుంచి చూసినవాడిని కాబట్టి, అనుభవంలో నిలిచిన మాట ముందు చెబుతాను. సిగరెట్ వెలిగించిన మనిషితో వాదనకు దిగితే పని జరగదు, పైగా పగ మిగులుతుంది. మన చట్టం ఆ చోటుకు బాధ్యుడైన వ్యక్తి మీద, అంటే యజమాని, మేనేజరు, సూపర్‌వైజరు వంటి వారి మీద భారం పెట్టింది. కాబట్టి ఎక్కడైనా సరే, ఈ చోటుకు బాధ్యులెవరు అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఆఫీసులో దానికి జవాబు చట్టంలోనే ఉంది. అపార్ట్‌మెంట్‌లో ఆ బాధ్యుణ్ణి మీరే తయారు చేసుకోవాలి. హాస్టల్లో బాధ్యుడు ఉన్నాడు గానీ అతని దగ్గరకు వెళ్లే ముందు మీ తమ్ముడితో తేల్చుకోవలసినది ఒకటి ఉంది.

మూల చట్టం 2003లో వచ్చిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం. అధికారులు దీన్ని కోట్పా అంటారు. దీని 4వ సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధిస్తుంది. బహిరంగ ప్రదేశమంటే ప్రజలకు ప్రవేశం ఉన్న చోటు, ఆ ప్రవేశం హక్కుగా ఉన్నా లేకపోయినా సరే. ఆసుపత్రులు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, హోటళ్లు, బస్సులు, రైల్వే వెయిటింగు గదులు అన్నీ ఇందులోకే వస్తాయి. చట్టం అమల్లోకి వచ్చాక చాలా ప్రైవేటు సంస్థలు తమది బహిరంగ ప్రదేశం కాదని తప్పించుకోజూశాయి. 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు ఆ సందు మూసేశాయి. పనిచేసే చోట్లు, షాపింగ్ మాల్స్, సినిమా హాళ్లు కూడా బహిరంగ ప్రదేశాలేనని అవి స్పష్టంగా చెప్పాయి. ఆరుబయలు స్థలాలకు మూల చట్టంలో మినహాయింపు ఉన్నప్పటికీ, ఆరుబయలు ఆడిటోరియం, స్టేడియం, రైల్వే స్టేషను, బస్టాపు, బస్టాండు వంటి జనం గుమిగూడే చోట్లకు ఆ మినహాయింపు వర్తించదని కూడా అవే నిబంధనలు చెప్పాయి. కనుక మన ఆర్టీసీ బస్టాండులో ప్లాట్‌ఫారం చివర, పైకప్పు దాటి రెండడుగులు అవతల నిలబడ్డాను కాబట్టి తప్పులేదనే వాదన చెల్లదు.

జరిమానా 200 రూపాయల వరకు. 2003లోనే అది పెద్ద మొత్తం కాదు, ఇప్పుడైతే ఒక సిగరెట్ పెట్టె ధరకు కాస్త అటూ ఇటూ. అందుకే చాలామంది ఈ చట్టాన్ని తేలిగ్గా తీసేస్తారు. కానీ దీని పట్టు ఆ 200 రూపాయల్లో లేదు. 2008 నిబంధనల ప్రకారం ప్రవేశద్వారం దగ్గర, అంతస్తులు ఉంటే ప్రతి అంతస్తులోను, మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర పొగ తాగరాదన్న బోర్డు పెట్టించాల్సిన బాధ్యత, యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచకుండా చూడాల్సిన బాధ్యత ఆ చోటు యజమానిదో మేనేజరుదో అవుతుంది. ఎవరైనా పొగ తాగుతున్నారని ఫిర్యాదు అందాక కూడా ఆ బాధ్యుడు చర్య తీసుకోకపోతే, ఎన్ని ఉల్లంఘనలు జరిగాయో అన్నింటికీ సమానమైన జరిమానా అతనే కట్టాలి. అంటే నోటిమాటగా కాకుండా కాగితం మీద ఫిర్యాదు అందిన క్షణం నుంచి లెక్క అతని పేరు మీద మొదలవుతుంది.

ఆ బోర్డును దగ్గరికి వెళ్లి చదివే అలవాటు చేసుకోండి. కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో తెల్లటి నేపథ్యం మీద, ఎర్రటి వలయంలో సిగరెట్ బొమ్మ మీద అడ్డగీతతో, ఇక్కడ పొగ తాగడం నేరమన్న హెచ్చరికతో అది ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ వ్యక్తి పేరు కూడా దాని మీదే రాసి ఉండాలి. తనిఖీలకు వెళ్లినప్పుడు నాకు తరచూ కనిపించినది ఏమిటంటే, ప్రింటింగు ప్రెస్సులో కొట్టించిన బోర్డు శుభ్రంగా మేకుకు వేలాడుతుంటుంది, అడుగున ‘ఫిర్యాదు చేయవలసిన వారు’ అన్న అక్షరాల పక్కన చుక్కల గీత ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో ఒక పేరు, ఒక ఫోను నంబరు రాయించడం చాలాచోట్ల సగం పని పూర్తయినట్లే, ఎందుకంటే తన పేరు గోడ మీద పడిన మనిషి ఆ తరువాత చూసీ చూడనట్లు ఊరుకోలేడు.

ఇప్పుడు మీ ఆఫీసు. మేనేజరు గది ఆయన సొంత గది కాబట్టి అక్కడ కాల్చుకోవచ్చనే అభిప్రాయం మన ఊళ్లలో బలంగా ఉంది. ఆ గది పనిచేసే చోటులో భాగం, అంతే. ప్రత్యేక స్మోకింగ్ గది ఏర్పాటు చేసుకునే వెసులుబాటు చట్టం మూడింటికే ఇచ్చింది: 30 లేదా అంతకు మించి గదులున్న హోటళ్లు, 30 మంది లేదా అంతకు మించి కూర్చునే వీలున్న రెస్టారెంట్లు, విమానాశ్రయాలు. ఫైనాన్స్ ఆఫీసుకు గాని, షోరూముకు గాని, బ్యాంకుకు గాని అది లేదు. ఆ వెసులుబాటు ఉన్నచోట కూడా నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, దానంతట అదే మూసుకునే తలుపు, గదిలోని గాలి నేరుగా బయటకే పోయే ఏర్పాటు ఉండాలని, ఆ గది రాకపోకల దారిలో ఉండకూడదని, అందులో టీ, టిఫిను వంటివేవీ అందించకూడదని షరతులున్నాయి. ఏడడుగుల ప్లైవుడ్ పార్టిషను, దాని పైన సీలింగు దాకా ఖాళీ ఉన్న క్యాబిన్ ఆ దరిదాపుల్లోకే రాదు.

తలుపు వేసుకుని ఏసీ వేశాను కదా అని మీ మేనేజరు అంటున్నారని రాశారు. మన ఆఫీసుల్లో గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకోదు, లోపలి గాలిని బయటకు పంపదు. ఉన్న గాలినే లాగి, చల్లబరచి, మళ్లీ అదే గదిలోకి వదులుతుంది. సిగరెట్ పొగలోని రేణువుల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు, కన్నా చిన్నవి. ఏసీ ముందున్న జాలీ దుమ్మును ఆపుతుంది గాని వీటిని ఆపలేదు. కిటికీలు మూసిన గదిలో అవి గంటల తరబడి తేలుతూ ఉంటాయి, క్యాబిన్ తలుపు తెరిచినప్పుడల్లా కొంత హాల్లోకి వస్తాయి. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటామని ఆయన ముందుకొస్తే, అది రేణువులను కొంతవరకు పట్టినా వాయువులను పూర్తిగా పట్టలేదని చెప్పండి. పక్కవారి పొగ పీల్చడంలో ఇంతవరకైతే ప్రమాదం లేదు అనదగిన మోతాదు లేదని 2006లోనే అమెరికా సర్జన్ జనరల్, అంటే ఆ దేశపు ప్రజారోగ్య ప్రధానాధికారి, నివేదిక తేల్చింది. ఇంట్లోనో పనిచోటనో రోజూ ఆ పొగ పీల్చే, తాము పొగ తాగని పెద్దలకు గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు 20 నుంచి 30 శాతం ఎక్కువవుతుందని కూడా అదే నివేదిక చెప్పింది. మన దేశంలో 2016-17లో జరిగిన వయోజనుల పొగాకు సర్వేలో, నాలుగు గోడల మధ్య పనిచేసేవారిలో 30.2 శాతం మంది పనిచోటే పక్కవారి పొగ పీలుస్తున్నట్లు తేలింది కాబట్టి, ఇది మీ ఒక్కరి చాదస్తం కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

ఎవరికి రాయాలన్నది అసలు చిక్కు, ఎందుకంటే ప్రైవేటు ఆఫీసులో జరిమానా వేసే అధికారం నిబంధనలు ఇచ్చినది సంస్థ అధిపతికి, మానవ వనరుల మేనేజరుకు, పరిపాలన విభాగాధిపతికి. మీ బ్రాంచిలో పొగ తాగే మనిషే మేనేజరు. అలాంటప్పుడు ఆయన పైనున్న ప్రాంతీయ కార్యాలయానికో, ప్రధాన కార్యాలయపు మానవ వనరుల విభాగానికో ఈమెయిలు పంపండి. ఆయన పేరెత్తకుండా, ‘మా బ్రాంచిలో 2008 నిబంధనల ప్రకారం ఉండవలసిన నో స్మోకింగ్ బోర్డు లేదు, ఫిర్యాదు స్వీకరించే వ్యక్తి పేరు ప్రకటించలేదు, ఆవరణలో యాష్‌ట్రేలు ఉన్నాయి, దయచేసి సరిచేయించగలరు’ అని రాస్తే చాలు. మనుషుల మీద ఫిర్యాదు వస్తే సంస్థలు విచారణ పేరుతో నాన్చుతాయి. నిబంధన పాటించలేదన్న ఫిర్యాదు వస్తే మాత్రం తమ మీదకు వస్తుందన్న భయంతో త్వరగా కదులుతాయి. ఇద్దరు ముగ్గురు సహోద్యోగులు కలిసి సంతకం చేస్తే మీ ఉద్యోగానికి కూడా కాస్త రక్షణ. అప్పటికీ కదలకపోతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలోని పొగాకు నియంత్రణ విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పోలీసు స్టేషనుకు వెళ్లడం తప్పు కాదు గాని, ఆఫీసు విషయంలో అది చివరి మెట్టు.

బయటి ప్రదేశాల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. క్యాంటీన్లు, కాఫీ హోటళ్లు, బార్లు, ఫంక్షన్ హాళ్లు రెస్టారెంటు నిర్వచనంలోకే వస్తాయి. రైల్లో అయితే 1989 రైల్వే చట్టం 167వ సెక్షన్ కూడా తోడవుతుంది. బాత్‌రూములో కాల్చినా టీటీఈకి చెప్పవచ్చు. ఊరి రచ్చబండ దగ్గర వేపచెట్టు కింద చుట్ట కాల్చుకునే పెద్దాయన జోలికి ఈ చట్టం పోదు, మనమూ పోనక్కరలేదు. ఒక మాట మాత్రం ఇక్కడే చెప్పాలి. టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి వైపు పొగాకు రైతు కుటుంబాల వాళ్లు ఈ సంగతి ఎత్తగానే, మా పంట మీద బతుకుతున్న జిల్లాలో మీరు ఇలా మాట్లాడితే ఎలా అని నొచ్చుకునేవారు. ఈ నిబంధన పంట మీదది కాదు, వేలం మీదది కాదు. ఇంకా చెప్పాలంటే ఎండిన పొగాకు చెక్కులు, అంటే బేళ్లు, పేర్చి ఉన్న వేలం కేంద్రంలో బీడీ వెలిగిస్తే ముందుగా కేకలేసేది ఆ రైతే. ఆ కేంద్రమూ ఒక పనిచోటే, పొగ నిషేధం అక్కడా వర్తిస్తుంది.

అపార్ట్‌మెంట్ సంగతికి వస్తే ఇక్కడ చట్టం మెత్తబడుతుంది, ఆ విషయం ముందే తెలుసుకుంటే నిరాశ తగ్గుతుంది. ఒకరి సొంత ఫ్లాటు, దాని బాల్కనీ కోట్పా దృష్టిలో బహిరంగ ప్రదేశం కాదు. అక్కడ కాల్చిన మనిషికి ఆ చట్టం కింద జరిమానా వేయలేరు. మెట్లు, లిఫ్టు, సెల్లారు, కారిడార్ల విషయంలో రెండు వాదనలున్నాయి. పాలవాడు, కొరియర్ కుర్రాడు, పనిమనిషి, బంధువులు అందరూ తిరిగే చోటు కాబట్టి బహిరంగ ప్రదేశమేనని ఒకటి, గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి అడిగి పంపే చోటు ప్రజల ప్రవేశం ఉన్న చోటు ఎలా అవుతుందని రెండోది. నేల అంతస్తులో క్లినిక్కో, ట్యూషన్ సెంటరో ఉంటే ఆ భాగం వరకు సందేహమే లేదు. మిగిలినదాని కోసం ఈ వాదన మీద ఆధారపడవద్దని నా సలహా, ఎందుకంటే అంతకన్నా గట్టి ఆధారాన్ని మీరే సృష్టించుకోవచ్చు: అది అసోసియేషన్ నియమావళి.

దానికి ముందు పొగ ఏ దారిన వస్తోందో తెలుసుకోవాలి. సాయంత్రం మీ నాన్నగారు వేరే గదిలో ఉన్నప్పుడు, తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, బాత్‌రూము వెంటిలేటరు దగ్గర ఒక అగరుబత్తి వెలిగించి పట్టుకోండి. దాని పొగ డక్టు వైపు, అంటే అన్ని అంతస్తుల బాత్‌రూము వెంటిలేటర్లు తెరుచుకునే నిలువు సందు వైపు, వంగితే ఇబ్బంది లేదు. గదిలోకి వంగితే డక్టులోని గాలి మీ ఇంట్లోకి వస్తున్నట్లు. ఇప్పుడు బాత్‌రూము తలుపు తెరిచి, ఎవరినైనా వంటింట్లో చిమ్నీ వేయమని చెప్పి మళ్లీ చూడండి. చాలా ఫ్లాట్లలో పొగ ఉన్నట్టుండి లోపలికి మళ్లుతుంది. దోమలకు భయపడి కిటికీలన్నీ మూసి చిమ్నీ వేస్తే, అది బయటకు తోసిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి కదా. తెరిచి ఉన్న ఒకే ఒక్క దారి ఆ డక్టు. కింది అంతస్తు ఆయన తన బాత్‌రూములో కూర్చుని సిగరెట్ కాలిస్తే, ఆ పొగను మీ వంటింటి చిమ్నీయే మీ ఇంట్లోకి లాగుతుంది. చిమ్నీ వేసినప్పుడు వంటింటి కిటికీ తెరవడం, బాత్‌రూముకు ఆగినప్పుడు రెక్కలు మూసుకునే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించడం, పైపులు గోడలోంచి దిగేచోట ఉన్న సందులను సిమెంటుతో పూడ్పించడం, ఇవి ఎవరి అనుమతీ అక్కరలేని పనులు. బాల్కనీ పొగ వేరే సంగతి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే తూర్పు బాల్కనీల్లోంచి, వడగాడ్పులు కొట్టే రోజుల్లో పడమటి వైపు నుంచి పొగ లోపలికి వస్తుంది. నాన్నగారి మంచం ఏ గదిలో ఉండాలో గాలి వాటం చూసి నిర్ణయించుకోండి. ఇది న్యాయమా అని మీరు అడగవచ్చు. న్యాయం తేలేలోపు ఆయన నిద్రపోవాలి కదా.

ఇక నియమావళి. మీ అసోసియేషన్ రిజిస్టరయి ఉంటే దానికి బైలాలు ఉంటాయి. వాటిని సవరించడానికి ఎంతమంది ఒప్పుకోవాలో ఆ బైలాల్లోనే రాసి ఉంటుంది. సర్వసభ్య సమావేశం అజెండాలో ముందుగా చేర్పించి తీర్మానం పెట్టండి. లిఫ్టు, మెట్లు, కారిడార్లు, సెల్లారు, పిల్లలు ఆడుకునే చోటు, మిద్దె మీద నీళ్ల ట్యాంకుల పక్క, ఇలా చోట్లను పేరుపేరునా రాయాలి. ‘కామన్ ఏరియా’ అని ఊరుకుంటే మెట్ల మలుపు దాని కిందికి వస్తుందా రాదా అని తగువు మొదలవుతుంది. సిగరెట్, బీడీ, చుట్ట, హుక్కాలతో పాటు వేప్, ఈ-సిగరెట్ అని విడిగా రాయడం మరవకండి. కోట్పా ‘పొగ తాగడం’ అన్నదానికి ఇచ్చిన నిర్వచనం పొగాకును కాల్చి పీల్చడం గురించినది, వేప్‌లో పొగాకు కాలదు కాబట్టి ఇది సిగరెట్ కాదు అనే వాదన రేపు మీ ముందుకు తప్పకుండా వస్తుంది. ఫిర్యాదు స్వీకరించే కార్యవర్గ సభ్యుని పేరు తీర్మానంలో ఉండాలి, ఆ పేరు బోర్డు మీద కూడా ఉండాలి. బాధ్యుణ్ణి తయారు చేసుకోవాలని మొదట్లో అన్నది దీన్నే.

అదే తీర్మానంలో పొగ తాగేవారికి ఒక చోటు చూపించండి. చాలామంది కార్యవర్గాల వారు దీనికి ఒప్పుకోరు, అలవాటును ప్రోత్సహించినట్లవుతుందంటారు. నా అనుభవంలో చోటు చూపించని నిషేధం ఆరు వారాలు కూడా నిలవదు. కాల్చేవారు మెట్ల మీద నుంచి తమ బాత్‌రూములోకి మారతారు, మీ సమస్య మరింత ముదురుతుంది. కిటికీలకు, డక్టులకు దూరంగా, ప్రహరీ గోడ మూలలో, మూతతో ఉన్న ఇసుక డబ్బా పెట్టిన చోటు ఒకటి చాలు. ఎంత దూరం అన్నదానికి కొలత కావాలంటే, అమెరికాలో 2018 జులై నుంచి ప్రభుత్వ గృహసముదాయాల్లో ఇళ్ల లోపల కూడా సిగరెట్ కాల్చకూడదని అమల్లోకి వచ్చిన నిబంధన భవనాల చుట్టూ 25 అడుగుల వరకు వర్తిస్తుంది. మన సైట్లలో అంత జాగా దొరకడం కష్టమే, దొరికినంత దూరం చూసుకోండి. సింగపూరులో 2013 నుంచే నివాస భవనాల కారిడార్లు, మెట్లలో నిషేధం ఉంది. సమావేశంలో ఎక్కడా లేని నియమం మన దగ్గరేమిటి అని ఎవరైనా లేస్తే ఈ రెండూ చెప్పండి.

సొంత ఫ్లాటు లోపల కాల్చవద్దని తీర్మానం చేయవచ్చా అంటే, అందరి సమ్మతితో చేసుకోవచ్చు గాని బలవంతంగా అమలు చేయడం కష్టం. ఉల్లంఘించినవారి నీళ్లు ఆపడం, లిఫ్టు ఆపడం, నోటీసు బోర్డు మీద పేరు పెట్టి అవమానించడం ఎంతమాత్రం చేయకూడదు. అవి కోర్టులో నిలవవు సరికదా, తప్పు మీవైపుకు తిరుగుతుంది. అద్దెకుండేవారి విషయంలో మాత్రం ఒక మంచి దారి ఉంది. యజమాని అద్దె ఒప్పందంలోనే డక్టు పక్క బాత్‌రూములో, బాల్కనీలో పొగ తాగకూడదన్న షరతు రాయించవచ్చు. మీ కింది అంతస్తు వారు అద్దెకుంటున్నారని రాశారు కాబట్టి, ఫ్లాటు యజమానికి ఫోను చేసి, ఒప్పందం రెన్యువలు చేసేటప్పుడు ఆ షరతు చేర్చమని అసోసియేషన్ తరఫున అడిగించండి.

ఇవేవీ కుదరకపోతే చట్టపరంగా మిగిలేది న్యూసెన్సు దారి. భారతీయ న్యాయ సంహిత 280వ సెక్షన్ గాలిని ఆరోగ్యానికి హానికరంగా చేయడాన్ని వెయ్యి రూపాయల వరకు జరిమానాతో శిక్షార్హం చేసింది. కానీ ఆ హాని చుట్టుపక్కల ఉండే జనసామాన్యానికి కలగాలని అందులో ఉంది, ఒక్క ఇంటివారి బాధకు అది సరిగ్గా అతకదు. ఒక ఇంటివారికి కలిగే ఇబ్బందికి సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఆ పని ఆపమనే ఉత్తర్వు, అడగవచ్చు, ఖర్చు, కాలం రెండూ ఎక్కువ. అంతకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు దాఖలు కాకముందే ఇరుపక్షాలనూ పిలిపించి రాజీ కుదిర్చే ఏర్పాటు ఉంది. దరఖాస్తు మామూలు తెల్లకాగితం మీద ఇవ్వవచ్చు. నెల్లూరు పొగతోట ప్రాంతంలో నాన్నగారిని చూసే ఊపిరితిత్తుల వైద్యుని చేత, సిగరెట్ పొగ తగిలితే ఆయాసం పెరుగుతుందన్న ధ్రువపత్రం తీసుకుని జత చేయండి. తారీకు, సమయం, ఆ రాత్రి ఇన్‌హేలరు ఎన్నిసార్లు వాడవలసి వచ్చింది అన్న వివరాలతో చిన్న నోటు పుస్తకం ఒకటి ఇప్పటి నుంచే రాసిపెట్టండి. ఎదుటివారు ఎంత మొండివారైనా, వైద్యుని కాగితమూ పుస్తకమూ చూశాక మాట తీరు మారడం నేను చాలాసార్లు చూశాను. చాలామందికి తమ పొగ పై అంతస్తు దాకా వెళుతుందన్న సంగతే తెలియదు.

మీ తమ్ముడి సంగతి. ఈ-సిగరెట్ల మీద మన దేశంలో ఉన్నది ఆంక్ష కాదు, పూర్తి నిషేధం. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన ఏది చేసినా మొదటిసారికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా లేదా రెండూ. నికోటిన్ ఉన్నా లేకపోయినా, సువాసన ఉన్నా లేకపోయినా, ఏ పదార్థాన్నయినా వేడిచేసి పీల్చుకునే తుంపరగా మార్చే ఎలక్ట్రానిక్ పరికరమంతా ఆ నిర్వచనంలోకే వస్తుంది. కాబట్టి ఇందులో నికోటిన్ లేదు, ఫ్లేవరు మాత్రమే అనే మాటకు చట్టం దృష్టిలో విలువ లేదు. పీల్చడాన్ని ఆ చట్టం విడిగా శిక్షించలేదు. అలాగని నిశ్చింతగా ఉండవద్దు. హాస్టల్ కుర్రాళ్ల దగ్గర ఇది మొదలయ్యే తీరు మీకు తెలిసే ఉంటుంది: ఒకడు ఆన్‌లైన్‌లోనో, చెన్నై వెళ్లినప్పుడో నాలుగైదు తెచ్చి, స్నేహితులకు కొంత మిగుల్చుకుని ఇస్తాడు. ఆ క్షణంలో అతను పీల్చేవాడు కాదు, అమ్మేవాడు. అది జైలు శిక్ష ఉన్న నేరం. మీ తమ్ముడు కొన్నవాడా, పంచినవాడా అన్నది నెమ్మదిగా, అరవకుండా ముందు అడిగి తెలుసుకోండి. కాలేజీకి చెప్పే ముందు అతనితో తేల్చుకోవలసినది ఉందన్నది ఇదే.

నీటి ఆవిరి అన్నమాట నిజం కాదు. ఆ ద్రవంలో ఉండేవి ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన రసాయనాలు, సాధారణంగా నికోటిన్. వేడెక్కినప్పుడు బయటకు వచ్చేది వీటి సూక్ష్మ తుంపర. సిగరెట్ అయితే గొంతు మండి కొత్తవాడు రెండు దమ్ములకే ఆపేస్తాడు. నికోటిన్‌ను లవణ రూపంలో వాడే పరికరాల్లో ఆ మంట తక్కువ కాబట్టి, తనకు తెలియకుండానే ఎక్కువ నికోటిన్ తీసుకుంటాడు. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల వయసు దాకా సాగుతుంది, ఆ వయసులో నికోటిన్ అలవాటు త్వరగా బలపడుతుంది. రాత్రంతా మంచం మీద చార్జింగుకు పెట్టే ఆ పరికరంలో లిథియం బ్యాటరీ ఉంటుందన్నది హాస్టల్ గదిలో ఇంకో ప్రమాదం. పొద్దున లేవగానే దాని కోసం చెయ్యి వెతుకుతోందా, తరగతి మధ్యలో బయటకు వెళ్లాలనిపిస్తోందా అని అడగండి. అవునంటే అది సరదా దశ దాటిందని అర్థం. 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే జాతీయ పొగాకు క్విట్‌లైనులో కౌన్సిలర్లు ఉచితంగా మాట్లాడతారు, ఫోను అతని చేతే చేయించండి. ప్రిన్సిపాలుకు ఫిర్యాదు చేయవలసి వస్తే పేర్లు లేకుండా, హాస్టల్లో వేప్‌లు అమ్ముతున్నారన్న విషయం మాత్రమే రాయండి. కాలేజీ ఆవరణలో పొగ తాగేవారికి జరిమానా వేసే అధికారం ప్రిన్సిపాలుకు, అధ్యాపకులకు నిబంధనల్లోనే ఉంది. అమ్మేవాణ్ణి పట్టుకోవడం మాత్రం సబ్‌ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారి పని. విద్యాసంస్థకు వంద గజాల లోపు సిగరెట్లు అమ్మే బంకు గేటు పక్కన ఉంటే, అది కూడా అదే ఉత్తరంలో చేర్చండి. కోట్పా 6వ సెక్షన్ ఆ అమ్మకాన్ని నిషేధించింది.

మూడింటిలో మొదట ఏది చేయాలని అడిగారు. ఈ వారాంతంలో అగరుబత్తి పరీక్ష, సందులు పూడ్చడం. వచ్చే వారం ఆఫీసు ఈమెయిలు. అసోసియేషన్ తీర్మానానికి ఎలాగూ తరువాతి సర్వసభ్య సమావేశం దాకా సమయం ఉంటుంది. ఈలోపు మీ సెక్రటరీ దగ్గర బైలాల నకలు తీసుకుని, సవరణకు కావలసిన మెజారిటీ ఎంతని ఉందో, జరిమానా వేసే అధికారం కార్యవర్గానికి ఇచ్చారో లేదో చూసి ఆ రెండు నిబంధనలనూ ఇక్కడ రాయండి. దానికి తగ్గట్టు తీర్మానం పాఠాన్ని రాసి ఇస్తాను.